అమ్మమ్మ పాటకి ఏ మైకు?

ఇలా అనుకోండి. మీ అన్నయ్యకి దూరాన ఎక్కడో ఉద్యోగం వచ్చింది. సోమవారం పొద్దున్న రైలెక్కుతాడు. అతను గిటారు బాగా వాయిస్తాడు. మీ అమ్మమ్మ పాడుతుంది. ఆమె గొంతు సన్నగిల్లింది గాని శ్రుతి తప్పదు. ఆదివారం సాయంత్రం ఇద్దర్నీ కూచోబెట్టి ఒక్క పాట రికార్డు చేసి దాచుకోవాలని మీ కోరిక.

ఓసారి సరిచూసుకుందామని శుక్రవారం నాడే సెల్‌ఫోను బల్లమీద పెట్టి రికార్డు చేశారు. పాడుతున్నప్పుడు ఎంతో బాగుంది. తిరిగి వింటే ఏముంది? ఫ్యాను హోరు, వీధిలో స్కూటరు, వంటింట్లో కుక్కరు ఈల! గిటారు గుబగుబలాడుతోంది. అమ్మమ్మ గొంతు నూతిలోంచి వస్తున్నట్టుంది.

మీ చేతిలో ఇంకా రెండు రోజులున్నాయి. దాచుకున్న డబ్బు కొంత ఉంది. మంచి మైకు కొందామని దుకాణానికి వెళ్ళారు. "డైనమిక్కా, కండెన్సరా? కార్డియాయిడ్ కావాలా? యు.ఎస్.బి. కావాలా?" అని అడిగాడు దుకాణదారు. ఏమని జవాబు చెప్తారు? ఖరీదైనదే మంచిదనుకుని కొనేస్తే డబ్బు పోయి ఫ్యాను హోరు మిగలవచ్చు. అందుకని ముందు మైకు అంటే ఏమిటో, అది ఏం వింటుందో చూద్దాం.

చెవికి తోడు మెదడుంది

పెళ్ళి పందిట్లో సన్నాయి, డోలు, పిల్లల గోల, వంటవాళ్ళ కేకలు అన్నీ కలిసి వినిపిస్తూంటాయి. అంత గోలలోనూ ఎవరో మీ పేరు పెట్టి పిలిస్తే చటుక్కున తలతిప్పుతారు. రెండు చెవులు తెచ్చిన కబుర్లని మెదడు పోల్చి చూసి, ఏ శబ్దం ఎటునుంచి వస్తోందో తెలుసుకుని, కావలసినదాన్ని ఏరుకుంటుంది. ఇంట్లో పాట వింటున్నప్పుడు ఫ్యాను హోరు మీకు "వినిపించక" పోవడానికి కారణం ఇదే. హోరు చెవిలో పడుతూనే ఉంది. మెదడు దాన్ని పక్కకి నెట్టేసింది.

మైకుకి మెదడు లేదు. గాలి ఎలా కదిలితే అలా రాసుకుపోయే గుమాస్తా అది. అమ్మమ్మ పాటకీ కుక్కరు ఈలకీ దాని లెక్కలో తేడా లేదు. ఏది దాని దగ్గరికి చేరాలో, ఏది చేరకూడదో మనమే చూసుకోవాలి.

మైకు లేని రోజులు

1902లో కలకత్తాలో గౌహర్ జాన్ అనే గాయని పాటలు గ్రామఫోను రికార్డుల్లోకి ఎక్కాయి. అప్పటికి రికార్డింగుకి మైకు వాడడం లేదు. గాయని పెద్ద బాకాలాంటి గొట్టం ముందు నిలబడి గట్టిగా పాడాలి. ఆ గాలి కదలికే సూదిని కదిపి మైనం పలకమీద గాడి గీసేది. మెల్లని గొంతుకి ఆ సూదిని కదిపే శక్తి ఉండదు. మీ అమ్మమ్మ ఆనాడు పాడి ఉంటే పలకమీద గీత కూడా సరిగ్గా పడేది కాదేమో!

1925 నుంచి రికార్డింగుకి మైకులు వచ్చాయి. మైకు చేసే పని ఒక్కటే: గాలిలోని కదలికని విద్యుత్తులోని కదలికగా మార్చడం. ఆ మార్చడానికి ముఖ్యంగా రెండు పద్ధతులున్నాయి. దుకాణదారు మొదటి ప్రశ్న వాటి గురించే.

మొదటి పద్ధతి: తీగచుట్ట

పలుచని పొర ఒకటి. దాని వెనక అతికించిన సన్నని తీగచుట్ట. ఆ చుట్టకి చుట్టూ అయస్కాంతం. శబ్దం తగిలి పొర కంపిస్తే తీగచుట్ట అయస్కాంత క్షేత్రంలో ముందుకీ వెనక్కీ ఊగుతుంది. అప్పుడు తీగలో విద్యుత్తు పుడుతుంది. మీరు పాఠంలో చదువుకున్న ఫారడే సూత్రమే ఇది. ఇదే డైనమిక్ మైకు. దీనికి బయటినుంచి విద్యుత్తు అక్కర్లేదు. కిందపడినా త్వరగా చెడదు. సభల్లోనూ కచేరీల్లోనూ చేత్తో పట్టుకునేవి చాలావరకు ఈ రకమే. 1966లో వచ్చిన షూర్ ఎస్.ఎం.58 అనే మైకు ఈ నాటికీ తయారవుతోంది.

ఇందులో ఒక చిక్కుంది. పొరతోబాటు తీగచుట్ట బరువు కూడా కదలాలి. బరువైనది త్వరత్వరగా కదలలేదు కదా! గిటారు తీగని గోటితో మీటినప్పుడు వచ్చే ఆ చిరు టకటక, మెరుపు అంతా సెకనుకి వేలకొద్దీ కంపనాలలో ఉంటుంది. డైనమిక్ మైకు దాన్ని కొంత మొద్దుబారుస్తుంది.

రెండో పద్ధతి: రెండు పలకలు

కెపాసిటర్ గురించి మీకు తెలుసు. ఎదురెదురుగా రెండు పలకలు, మధ్య ఖాళీ. ఈ పలకల్లో ఒకటి తల వెంట్రుక మందంలో పదోవంతుండే పొర అయితే ఏమవుతుంది? శబ్దం తగలగానే ఆ పొర ఊగుతుంది. పలకల మధ్య దూరం మారుతుంది. పలకలమీది ఆవేశం మారకుండా దూరం మాత్రం మారితే వోల్టేజి మారుతుంది. దూరం పెరిగితే పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది. ఇంకేం కావాలి? శబ్దం విద్యుత్తయిపోయింది! దీన్నే కండెన్సర్ మైకు అంటారు. కెపాసిటర్‌కి పాత పేరు కండెన్సర్. 1916లో అమెరికాలో ఇ.సి.వెంటే అనే శాస్త్రజ్ఞుడు దీన్ని తయారుచేశాడు.

ఇక్కడ పొరకి తీగచుట్ట బరువు లేదు. అందుచేత అతి వేగమైన కంపనాలకి కూడా అది చురుగ్గా కదులుతుంది. గిటారు తళుకు చక్కగా పట్టుకుంటుంది. అయితే పలకలకి ఆవేశం ఇవ్వాలి, లోపలున్న చిన్న ఆంప్లిఫయర్ని నడపాలి. దీనికి సాధారణంగా 48 వోల్టులు కావాలి. ఇది వేరే తీగ అక్కర్లేకుండా పాట వచ్చే తీగలోనే ఎదురు వెళుతుంది గనక దీనికి ఫాంటమ్ పవర్ అని పేరు. ఫాంటమ్ అంటే కంటికి కనబడని దయ్యమన్నమాట!

1962లో బెల్ పరిశోధనాలయంలో సెస్లర్, వెస్ట్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఆవేశాన్ని ఏళ్ళ తరబడి తనలోనే దాచుకునే ప్లాస్టిక్ పొరతో మైకు చేశారు. దాని పేరు ఎలెక్ట్రెట్ మైకు. అప్పటినుంచి కండెన్సర్ మైకులు చవకయ్యాయి. మీ సెల్‌ఫోనులో ఉన్నది కూడా ఈ కుటుంబంలోదే. బియ్యపుగింజంత మైకు అది, సిలికాన్‌మీద చెక్కినది.

ఒక చిన్న లెక్క

మెల్లగా పాడే గొంతు మైకు దగ్గర కలిగించే పీడనం ఒక పాస్కల్‌లో పదోవంతు ఉందనుకుందాం. మామూలు డైనమిక్ మైకు ఒక పాస్కల్‌కి సుమారు 2 మిల్లీవోల్టులు ఇస్తుంది. అంటే అమ్మమ్మ గొంతుకి 0.2 మిల్లీవోల్టు. కండెన్సర్ మైకులు ఒక పాస్కల్‌కి 10 నుంచి 20 మిల్లీవోల్టుల దాకా ఇస్తాయి. అంటే 1 నుంచి 2 మిల్లీవోల్టులు. డైనమిక్ మైకు ఇచ్చిన చిన్న వోల్టేజిని పెద్దది చెయ్యబోతే చవకరకం ఆంప్లిఫయర్ తన సొంత "స్‌స్‌..." శబ్దాన్ని కూడా కలిపి పెద్దది చేస్తుంది. మెల్లని గొంతుకీ, వేళ్ళతో మీటే గిటారుకీ కండెన్సర్ ఎందుకు నప్పుతుందో ఇప్పుడు తెలిసింది కదా!

"కండెన్సర్ కొంటే ఇంట్లో చప్పుళ్ళన్నీ పట్టుకుంటుంది, డైనమిక్ అయితే పట్టుకోదు" అని మీతో ఎవరైనా అనవచ్చు. ఇది సగమే నిజం. డైనమిక్ మైకు ఫ్యాను హోరుని తక్కువగా వింటుంది, నిజమే. కాని అమ్మమ్మ పాటనీ అంతే తక్కువగా వింటుంది! పాటని పెంచితే హోరూ పెరుగుతుంది. ఏ మైకైనా సరే, పాటకీ హోరుకీ ఉండే నిష్పత్తి మైకు ఎంత దగ్గరగా ఉంది, ఎటువైపు తిరిగి ఉంది అన్నదాన్నిబట్టే ముఖ్యంగా ఉంటుంది. డైనమిక్ మైకుని పెదవులకి దాదాపు ఆనించి పాడతారు గనక హోరు వినబడదు. అంతే, అందులో మహిమేమీ లేదు.

మైకు ఎటువైపు వింటుంది?

ఇది రెండో ప్రశ్న. కొన్ని మైకులు అన్ని దిక్కులనుంచీ ఒకేలా వింటాయి. కొన్ని ముందువైపు బాగా, పక్కలకి సగం వింటాయి. వెనకవైపు దాదాపు వినవు. ఏ దిక్కున ఎంత వింటుందో గీత గీస్తే ఈ రెండో రకానికి హృదయాకారం వస్తుంది. కార్డియాయిడ్ అన్న మాటకి అర్థం అదే. మూడో రకం ముందూ వెనకా విని పక్కలకి చెవిటిది. దీని బొమ్మ 8 అంకెలా ఉంటుంది.

గది నలుమూలలనుంచీ వచ్చే శబ్దంలో కార్డియాయిడ్ మైకు మూడోవంతు శక్తినే తీసుకుంటుంది. కనక ఇంట్లో రికార్డు చేసేవారికి ఇదే మేలు. వెనకవైపు చెవిటిది గనక, ఆ వీపుని ఆపలేని చప్పుడు వైపు తిప్పండి. వీధి కిటికీ అటుందనుకోండి, మైకు వీపు అటు, ముఖం అమ్మమ్మ వైపు. పైసా ఖర్చు లేదు!

ఒక జాగ్రత్త. కార్డియాయిడ్ మైకుకి మరీ దగ్గరగా పాడితే గొంతులో మంద్రస్వరాలు బాగా ఉబ్బిపోతాయి. అరచెయ్యంత దూరం తగ్గకుండా చూడండి.

ఎంత దూరం?

శబ్దం అన్ని వైపులకీ పరుచుకుంటూ పోతుంది. అందుచేత దూరం రెండింతలైతే తీవ్రత నాలుగోవంతవుతుంది. శుక్రవారం మీరు ఫోనుని గిటారుకి 1 మీటరు దూరంలో పెట్టారు. దాన్ని 25 సెంటీమీటర్ల దూరానికి జరిపితే? దూరం నాలుగోవంతైంది కనక నేరుగా వచ్చే పాట తీవ్రత 16 రెట్లు పెరుగుతుంది. ఫ్యాను హోరు మాత్రం గదంతా పరుచుకుని ఉంది కాబట్టి ఎప్పటిలాగే ఉంటుంది. మైకు మార్చకుండానే పదహారింతల లాభం!

గిటారులో ఎక్కడికి గురిపెట్టాలి? గుండ్రటి కన్నంలోంచే శబ్దమంతా వస్తోందనుకుని చాలామంది మైకుని దాని ఎదురుగా పెడతారు. ఖాళీ సీసా మూతిమీద ఊదండి. "బూఁ" మంటుంది. గిటారు పెట్టె కూడా అలాంటి సీసాయే. సెకనుకి సుమారు 100 కంపనాల దగ్గర దాని లోపలి గాలి ఊగుతుంది. కన్నం ఎదురుగా పెడితే ఈ బూంకారమే ఎక్కువగా పడుతుంది. గుబగుబ అంతా అక్కడిదే. మెడమీద పన్నెండో ఫ్రెట్టు ఎదురుగా, 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో పెట్టి చూడండి. పెట్టె, తీగలు రెండూ సమపాళ్ళలో వినిపిస్తాయి.

గొంతుకి 15 నుంచి 30 సెంటీమీటర్లు చాలు. అయితే నోటికి సూటిగా వద్దు, కాస్త పక్కకి. ఎందుకో తెలియాలంటే మీ అరచేతిని నోటి ముందు పెట్టుకుని "స" అనండి, తరవాత "ప" అనండి, "ఫ" "భ" అనండి. ఒత్తు పలికినప్పుడు చేతిమీద ఎంత గాలి కొట్టిందో చూశారా? ఆ గాలి మైకు పొరని తంతే "ధబ్" మని వినిపిస్తుంది. మధ్యలో ఒక వలలాంటి గుడ్డని కట్టీకి బిగించి అడ్డం పెట్టినా పనిచేస్తుంది.

గది కూడా పాడుతుంది

నూతిలోంచి వచ్చినట్టు వినిపించడానికి కారణం మైకు కాదు, గది. గచ్చునేల, సున్నం గోడలు శబ్దాన్ని వెనక్కి కొడతాయి. అమ్మమ్మ గొంతు ఒకసారి సూటిగానూ, తరవాత గోడకి తగిలి మళ్ళీనూ మైకుని చేరుతుంది.

ఈ రెండో ప్రయాణం 34 సెంటీమీటర్లు ఎక్కువైందనుకోండి. శబ్దం సెకనుకి సుమారు 340 మీటర్లు పోతుంది గనక అది సెకనులో వెయ్యోవంతు ఆలస్యంగా వస్తుంది. సెకనుకి 500 కంపనాలుండే స్వరంలో ఒక్కొక్క కంపనానికి సెకనులో వెయ్యికి రెండు వంతులు పడుతుంది. అంటే రెండోది సరిగ్గా అరకంపనం వెనకబడింది. ఒకటి ముందుకి నెట్టేవేళ ఇంకొకటి వెనక్కి లాగుతుంది. ఆ స్వరం సన్నగిల్లిపోతుంది. సెకనుకి 1000 కంపనాల స్వరానికి మాత్రం రెండూ కలిసివచ్చి అది లేస్తుంది. ఇలా ఒక స్వరం తగ్గి ఒకటి పెరిగి పాట రంగే మారిపోతుంది. దీనికి ఖరీదైన మైకు మందు కాదు. అది ఈ తప్పుని మరింత స్పష్టంగా రికార్డు చేస్తుంది!

మందు ఇంట్లోనే ఉంది. పరుపులు, బొంతలు, దుప్పట్లు, బట్టలతో నిండిన బీరువా. పాడేవారి వెనకా పక్కలా మందపాటి బొంతలు వేలాడదీయండి. నేలమీద జంపఖానా పరవండి. మైకుని బల్లకీ గోడకీ దూరంగా పెట్టండి. గోడకి కోడిగుడ్ల అట్టలు అంటించమని కొందరు చెప్తారు. అవి తేలికైనవి, పలచనివి. పెద్దగా ఉపయోగం ఉండదు. ఇంకొక మాట: బొంతలు గదిలో ప్రతిధ్వనిని తగ్గిస్తాయి గాని వీధి చప్పుణ్ణి ఆపలేవు. దానికి వీధి సద్దుమణిగే వేళ చూసుకోవడమే దారి.

కంప్యూటర్లోకి ఎలా?

మూడో ప్రశ్న మిగిలింది. యు.ఎస్.బి. మైకు లోపలే వోల్టేజిని అంకెలుగా మార్చే ఏర్పాటు ఉంటుంది. సెకనుకి 44,100 సార్లో, 48,000 సార్లో కొలిచి అంకెలు పంపుతుంది. మనిషి చెవి సెకనుకి 20,000 కంపనాల దాకా వింటుంది. దాన్ని పట్టుకోవడానికి అంతకి రెట్టింపుకంటే ఎక్కువసార్లు కొలిస్తే చాలు. ఒక్క మైకుతో సరిపెట్టుకునేవారికి ఇది చవక, సులువు.

మూడు పిన్నుల తీగతో వచ్చే మైకుకి ఆడియో ఇంటర్‌ఫేస్ అనే పెట్టె విడిగా కొనాలి. ఖర్చు ఎక్కువే. కాని అందులో రెండు మైకులు పెట్టుకోవచ్చు. గొంతుకి ఒకటి, గిటారుకి ఒకటి. రెండు యు.ఎస్.బి. మైకులు ఒకే కంప్యూటరుకి తగిలిస్తే కుదరదా? కుదరవచ్చు గాని దేని గడియారం దానిది. కొంతసేపటికి ఒకటి ముందుకీ ఒకటి వెనక్కీ జారుతాయి.

ఇంతకీ ఏది కొనాలి?

గది సద్దు తగ్గించగలిగితే, ఒక్కటే కొనగలిగితే, కార్డియాయిడ్ కండెన్సర్ తీసుకోండి. పెట్టెమీద సొంత శబ్దం ఎంతో రాసి ఉంటుంది. అది 20 డెసిబెళ్ళకి మించకుండా చూడండి. గది సద్దు ఎంతకీ తగ్గదు, గొంతు గట్టిది, మైకు పెదవుల దగ్గర పెట్టి పాడతారు అంటే డైనమిక్ తీసుకోండి. దుకాణంలో తాళంచెవుల గుత్తి ఆడించి, మీ గొంతుతో నాలుగు మాటలు చెప్పి, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వినండి. చెవుల గలగల పొడిగా చప్పగా వినిపిస్తే గిటారు తళుకూ అలాగే వినిపిస్తుంది.

కొనడానికి డబ్బు చాలకపోతే? బెంగపడకండి. ఫ్యాను, ఫ్రిజ్ ఆపి, బొంతలు కట్టి, ఫోనునే దగ్గర పెట్టి రికార్డు చెయ్యండి. శుక్రవారం నాటి దానికీ దీనికీ పోలికే ఉండదు.

ఆదివారం సాయంత్రం అమ్మమ్మని మైకు ఎదురుగా 30 సెంటీమీటర్ల దూరంలో కూచోబెట్టండి. అన్నయ్యని 60 సెంటీమీటర్ల దూరంలో, కాస్త పక్కగా కూచోబెట్టండి. దూరం రెట్టింపు కాబట్టి గిటారు తీవ్రత నాలుగోవంతై, ఆమె మెల్లని గొంతు పైకి తేలుతుంది. చాలదనిపిస్తే అన్నయ్యని మరికాస్త జరపండి. పాటలోని అతి గట్టి భాగాన్ని ముందు ఒకసారి పాడించి, మీటరు ముల్లు మైనస్ 12 డెసిబెళ్ళ దగ్గర ఆగేలా సరిచెయ్యండి. ఎర్రగీత దాటితే పాట చిరిగిపోతుంది. దాన్ని తరవాత ఎవరూ బాగుచెయ్యలేరు. అయిపోయాక వెంటనే కట్టెయ్యకండి. పది సెకన్లపాటు అందరూ మాట్లాడకుండా ఉండండి, చివరి తీగ నాదం పూర్తిగా ఆగనివ్వండి. ఆ రాత్రే పాటని రెండు చోట్ల దాచండి. ఒక ప్రతి అన్నయ్యకి ఇవ్వండి.

చేసి చూడండి

1. గదిలో ఒక్కసారి చప్పట్లు కొట్టి వినండి. తరవాత మూడువైపులా బొంతలు కట్టి మళ్ళీ కొట్టండి. తేడా రాసుకోండి.

2. వెలుగుతున్న కొవ్వొత్తిని, పెద్దవాళ్ళు దగ్గరుండగా, నోటికి జానెడు దూరంలో పెట్టి అక్షరాలన్నీ చదవండి. ఏ అక్షరాలకి మంట బాగా ఊగిందో పట్టిక వెయ్యండి. రికార్డింగులో మీకు చిక్కు తెచ్చేవి అవే.

3. గిటారుకి 80 సెంటీమీటర్ల దూరంలో ఉన్న మైకుని 20 సెంటీమీటర్లకి జరిపారు. నేరుగా వచ్చే శబ్దం తీవ్రత ఎన్ని రెట్లయింది? లెక్క కట్టాక పైన చదివినదానితో సరిచూసుకోండి.